మా చబూత్రా నేరమెట్లయింది?

ఇంటి గుమ్మం పక్కన రెండడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. పైన షాబాదు బండ పరిచి ఉంటుంది, లేకుంటే ఉత్త సిమెంటు. తెలుగు పల్లెల్లో దాన్ని అరుగు అంటారు. మేం చబూత్రా అంటాం. హైదరాబాద్ పాతబస్తీలో ఏ గల్లీలోకి తిరిగినా కనబడుతుంది. ఒకడు ఉర్దూ పేపరు చదువుతుంటే పదిమంది విన్నది దానిమీదే. మయ్యత్ లేచే ఇంటి ముందు మగవాళ్లు తలలు వంచుకుని కూచునేది దానిమీదే. క్యారంబోర్డు పెట్టేదీ, గల్ఫ్ వీసా ఏజెంటు నమ్మదగినవాడా కాదా అని విచారించేదీ, నిన్నటి క్రికెట్ మ్యాచిని నోటితో మళ్లీ ఆడేదీ దానిమీదే. మా పిల్లలకు ఈ నగరంలో పైసా కట్టకుండా దొరికిన కుర్చీ అది. అది కూడా నగరం ఇచ్చింది కాదు. మా తాతలు కట్టుకున్నది.

ఆ కుర్చీలో కూచోవడం నేరమైంది.

2015లో హైదరాబాద్ దక్షిణ మండలం పోలీసులు దీనికి ఒక పేరు కూడా పెట్టారు: మిషన్ చబూత్రా. ఆ తర్వాతి సంవత్సరాల్లో అది ఆపరేషన్ చబూత్రా కూడా అయింది. పొద్దుపోయాక రోడ్ల మీద, అరుగుల మీద కూచున్న యువకులను వ్యాన్లలో ఎక్కించుకుపోవడం, ఒక హాల్లో వరసగా కూచోబెట్టడం, తల్లిదండ్రులను పిలిపించడం, బుద్ధులు చెప్పి పంపడం. దీన్ని కౌన్సెలింగ్ అన్నారు. పేపర్లలో ఫోటోలు వచ్చాయి. నిద్రమొహాలతో, చెప్పులు లేని కాళ్లతో మా పిల్లలు. పక్కన తలదించుకున్న అబ్బాలు. ఏ దొంగతనానికి? ఏ కొట్లాటకు? కూచున్నందుకు.

గంజాయి ఉందంటారు, బండ్ల పందేలు ఉన్నాయంటారు, రౌడీయిజం ఉందంటారు. ఉంటే పట్టుకోండి. వాటికి చట్టాలున్నాయి, సెక్షన్లున్నాయి, కోర్టులున్నాయి. కూచోవడానికి ఏ సెక్షన్? బంజారాహిల్స్ కాఫీ షాపు ముందు అర్ధరాత్రి కారు బానెట్‌కు ఆనుకుని నిలబడ్డ కుర్రాడు ‘యువత’. మా గల్లీలో గడప ముందు కూచున్నవాడు ‘అసాంఘిక శక్తి’. తేడా గంటలో లేదు, పనిలో లేదు. అడ్రసులో ఉంది, పేరులో ఉంది.

మా పిల్లలు రాత్రే ఎందుకు కూచుంటారో ఎవరైనా ఒక్కసారి అడిగారా? పగలు వాడు మెకానిక్ షెడ్డులో ఉంటాడు. గాజుల కార్ఖానాలో లక్క కరిగిస్తూ ఉంటాడు. జరీ మగ్గం మీద వంగి ఉంటాడు. షట్టరు దించి ఇంటికొచ్చేసరికి రాత్రి పది. ఇల్లంటే ఒక గది. అమ్మీ, అక్కచెల్లెళ్లు పక్కలు పరుచుకునే వేళకు ఈడొచ్చిన పిల్లాడు బయటికొచ్చి కూచుంటాడు. ఇల్లు సద్దుమణిగేదాకా ఉండి అప్పుడు లోపలికి పోయి గోడవారన పడుకుంటాడు. దాన్ని మేం అదబ్ అంటాం, మర్యాద అంటాం. మీరు న్యూసెన్సు అన్నారు. వాడి బతుకులో వాడిదనుకునే సమయం ఆ గంటన్నరే. దాన్ని కూడా వ్యాను ఎక్కించారు.

ఇదంతా ఒక పక్క. ఇంకో పక్క నగరాల గురించి మాట్లాడే పెద్దల నోట కొత్త మాటొకటి వినబడుతోంది: ప్లేస్‌మేకింగ్. సెమినార్లు పెడుతున్నారు, గోడలకు రంగులేస్తున్నారు, యువతను భాగస్వాములను చేయాలంటున్నారు. మాటను మేం వెక్కిరించడం లేదు. మంచి మాటే. ఖాళీ జాగను మనుషులు కలుసుకునే చోటుగా మార్చడం, ఆ పని అక్కడ బతికేవాళ్ల చేతనే చేయించడం దాని అర్థం. 1961లో జేన్ జేకబ్స్ అమెరికా నగరాల గురించి పుస్తకం రాస్తూ, వీధికి కాపలా పోలీసు కంటే ముందు ఆ వీధిలో మసలే మనుషుల కళ్లేనని వాదించింది. విలియం వైట్ న్యూయార్కు కూడళ్లలో జనం ఎక్కడ కూచుంటారో, ఎక్కడ ఆగుతారో ఏళ్ల తరబడి కెమెరా పెట్టి చూసి 1980లో రాశాడు. ఆయన తేల్చింది చాలా చిన్న సంగతి: కూచునే చోటుంటే జనం కూచుంటారు. ఇంకొకటి కూడా చెప్పాడు. అక్కర్లేనివాళ్లు వస్తారని భయపడి చోటును పాడుచేస్తే అది అందరికీ పాడవుతుంది, చోటును బాగుచేసి జనాన్ని రానిస్తేనే భయం పోతుందని.

ఈ ఇద్దరూ చెప్పినదాన్ని మా చబూత్రా పక్కన పెట్టి చూడండి. వీధిలో కళ్లు కావాలా? మా గల్లీలో అర్ధరాత్రి దాకా ఇరవై జతల కళ్లున్నాయి. ఆసుపత్రికి పోవాల్సిన ముసలమ్మను ఆటో ఎక్కించేది ఆ పిల్లలే. కరెంటు పోతే, మోరీ పొంగితే మొదట కదిలేది వాళ్లే. కూచునే చోటు కావాలా? వందల ఏళ్ల నాడే కట్టుకున్నాం. మీరు విదేశాల నుంచి తెచ్చుకుంటున్న సిద్ధాంతానికి మా దగ్గర బండతో కట్టిన సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం మీదే లాఠీ పడింది.

2021 ఆగస్టు నుంచి ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి జనాన్ని తిరగనిచ్చారు. సండే ఫండే అన్నారు. అక్టోబరు 17న చార్మినార్ దగ్గర కూడా ‘ఏక్ షామ్ చార్మినార్ కే నామ్’ అని పెట్టారు. మేమూ పోయాం. పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని పోయాం. బాగుంది. బాగుందనే చెబుతున్నాం. కానీ ఆ మైదానం ఎప్పుడు తెరవాలో, అందులో ఏం జరగాలో, ఎప్పుడు మూయాలో చెప్పేవాళ్లలో పాతబస్తీ కుర్రాడు ఒక్కడైనా ఉన్నాడా? ఒక సాయంత్రం మా పేరు మీద పెట్టారు. సంవత్సరంలో మిగిలిన రాత్రులు ఎవరి పేరు మీద ఉన్నాయి? రంజాన్ నెలలో చార్మినార్ చుట్టూ రాత్రంతా జనం తిరుగుతారు, కొంటారు, తింటారు, ఏ ఆకాశమూ విరిగిపడదు. ఆ నెలలో పండగలా కనబడే గుంపు షవ్వాల్ చందమామ కనబడగానే అనుమానపు గుంపు ఎట్లా అవుతుంది?

చార్మినార్ సంగతే చూద్దాం. 1591లో కట్టిన కట్టడం. దాని చుట్టూ వాహనాలు ఆపి నడకదారి చేయాలన్న పథకం 1990ల నుంచి కాగితాల మీద నడిచి, ఎన్నో ఏళ్లకు రాయి పరుచుకుంది. స్వచ్ఛ భారత్ కింద రెండో విడతలో ఎంపికైన పది ప్రసిద్ధ స్థలాల్లో చార్మినార్ ఒకటి. పొగ తగ్గడం మాకూ ఇష్టమే. అయితే ఆ పథకంలో మేం ఎక్కడున్నాం? రాయి ఉంది, మినార్ ఉంది, టూరిస్టు ఉన్నాడు, సెల్ఫీ ఉంది. సెల్ఫీ వెనకాల మసకగా కనబడే టోపీవాడు, బురఖాలో బేరమాడే ఆవిడ, అదీ మా పాత్ర. మా వారసత్వం కావాలి, వారసులు అక్కర్లేదు.

బండివాళ్లకైనా ఒక చట్టం ఉంది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీల్లో కనీసం 40 శాతం మంది బండివాళ్లే ఎన్నుకున్న ప్రతినిధులుండాలి. అమలు ఎట్లా ఉందన్నది వేరే కొట్లాట. మాట మాత్రం చట్టంలో ఉంది: ఎవడి బతుకు ఆ రోడ్డు మీద ఉందో వాడికి ఆ రోడ్డు మీద ఓటుండాలి. బతుకంతా గల్లీలోనే గడిపే పదహారేళ్ల పిల్లకు, పద్దెనిమిదేళ్ల పిల్లాడికి ఆపాటి కుర్చీ ఏ కమిటీలో ఉంది?

లౌకిక మిత్రులు కొందరు మమ్మల్ని అడుగుతుంటారు: మీరెందుకు మీ మొహల్లాల్లోనే ముడుచుకుంటారు, బయటికి రారేమని. వస్తాం. రానిచ్చింది ఎక్కడ? 2006లో సచార్ కమిటీ చెప్పింది మా మాట కాదు, ప్రభుత్వం వేసిన కమిటీ మాట. గడ్డం, టోపీ ఉన్నవాళ్లను పార్కుల నుంచి, రైల్వే స్టేషన్ల నుంచి, బజార్ల నుంచి విచారణకు పట్టుకుపోతున్నారని ముస్లింలు తమతో చెప్పుకున్నారని ఆ నివేదిక రాసింది. పార్కు, స్టేషను, బజారు! ఊరందరివీ అని పేరున్న మూడు చోట్లు. 2018 డిసెంబరులో నోయిడాలో ఉద్యోగులు శుక్రవారం పార్కులో నమాజు చేసుకుంటే వాళ్ల కంపెనీలదే బాధ్యత అని పోలీసులు నోటీసులిచ్చారు. పార్కులో పొద్దున నవ్వుల క్లబ్బువాళ్లు గట్టిగా నవ్వొచ్చు, యోగా చాపలు పరచొచ్చు. పావుగంట తల నేలకు ఆనిస్తే శాంతిభద్రతలు కదిలిపోతాయి.

చోటు కోసం కొట్లాట ఈ దేశంలో మాతో మొదలైంది కాదు. 1927లో మహద్‌లో అంబేద్కర్ వేలమందితో పోయి చెరువు నీళ్లు ముట్టుకున్నది దాహానికి కాదు. అది ఊరుమ్మడి చెరువైతే మేమూ ఊరేనని చెప్పడానికి. 1985లో కారంచేడు రక్తం మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన మాటతోనే పారింది. రచ్చబండ గురించి తెలుగువాళ్లు మురిసిపోతారు. దాని మీద మాలమాదిగలకు చోటెక్కడిది? ఊరుమ్మడి అనే మాటలో ఊరు ఎంత, వాడ ఎంత అని దళితులు అడిగినప్పుడు కలవరపడ్డవాళ్లే ఇవాళ మేం పార్కులో వాటా అడిగితే కలవరపడుతున్నారు. అందుకే వాళ్ల ప్రశ్న, మా ప్రశ్న ఒక్క చబూత్రా మీదే కూచుంటాయి.

మా అమ్మీల భయం గురించి కూడా చెప్పాలి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చింది మావాళ్లు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో చచ్చింది మావాళ్లు. పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టిందీ మా పిల్లలనే. చివరికి కోర్టులు నిర్దోషులన్నాయి. 2012లో ప్రభుత్వమే వాళ్లకు పరిహారం ఇచ్చి, మంచివాళ్లని కాగితాలు ఇచ్చింది. పోయిన ఉద్యోగం, తప్పిన పెళ్లి, ఆగిన చదువు ఏ కాగితంతో తిరిగొస్తాయి? ఆనాటి నుంచి కొడుకు రాత్రి ఇంటికి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే మా అమ్మీలు గుమ్మం పట్టుకుని నిలబడతారు. దొంగల భయం కాదు అది. పట్టుకుపోతారనే భయం. ఆ భయం మీద మిషన్ చబూత్రా వచ్చి కూచుంది. పిల్లలను కాపాడడానికే చేస్తున్నామంటారు. ఎవరి నుంచి?

ఇప్పుడు మావాళ్లతో మాట్లాడాలి. వేలు బయటికే చూపిస్తే అది సగం నిజమే అవుతుంది.

చబూత్రా మీద ఎవరు కూచున్నారో ఇందాక చెప్పాం. అబ్బాలు, భాయిలు, బేటాలు. మా ఆడపిల్ల ఎక్కడ కూచుంది? ఆమెకు గుమ్మం తెర వెనక చోటుంది, మేడ మీద బట్టలారేసే తాడు దగ్గర చోటుంది. కాలేజీ బస్సు దిగి, చబూత్రా మీదున్న కళ్లన్నిటినీ దాటుకుని, దుపట్టా సర్దుకుంటూ ఇంట్లోకి ఉరికే ఆ యాభై గజాలు ఆమెకు ఏమిటో మేం అడగలేదు. మేం మెచ్చుకున్న ఆ ఇరవై జతల కళ్లు ఆమెకు కాపలా అవుతాయా, పోలీసు వ్యాను అవుతాయా? ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990లలో ఒక సంగతి గమనించారు. తొమ్మిది పదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం మానేస్తున్నారు, మగపిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. కొన్ని పార్కులను తిరగగట్టారు. దారులు వెడల్పు చేశారు, దీపాలు పెంచారు, ఒక్క పెద్ద మైదానం బదులు వేర్వేరు ఆటలకు వేర్వేరు చోట్లు ఇచ్చారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. అక్కడ కూడా పిల్లలే మారాలని ఎదురుచూసి ఉంటే ఏమీ జరిగేది కాదు. మా చబూత్రా కోసం మేం కొట్లాడేటప్పుడు మా చెల్లెలి కుర్చీ అడగకపోతే, ఆ కొట్లాటకు మాకు అర్హత లేదు.

మొహల్లాలో వెయ్యి గజాల ఖాళీ జాగ కనబడితే మనవాళ్లు ఏం కడుతున్నారు? ఫంక్షన్ హాలు. లైట్లు, అద్దాలు, ఫౌంటెను. అప్పు చేసి ఒక్క రాత్రి పెళ్లి, మర్నాటి నుంచి తాళం. పిల్లల ఆటస్థలం ఏ నాయకుడి నోట వచ్చింది? పుట్టినరోజుకు ఫ్లెక్సీ వస్తుంది, క్రికెట్ టోర్నమెంటుకు కప్పు వస్తుంది, ఆడే జాగ మాత్రం రాదు. వక్ఫ్ భూముల్లో ఎక్కువ భాగం కబ్జాల్లో ఉందని ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. కబ్జాదారుల్లో పరాయివాళ్లే లేరు, మన పెద్దమనుషులూ ఉన్నారు. అల్లా పేరు మీద బీదల కోసం రాసిచ్చిన జాగలో ఒక చదువుల గది, ఒక ఆటస్థలం లేకపోవడానికి ఏ పోలీసును తిట్టాలి?

సయ్యద్ అబ్దుల్ రహీం అనే మాస్టారు ఈ నగరంవాడే. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. ఆ పోలీసు జట్టులో ఆడింది ఈ ఊరి గల్లీల పిల్లలు. ఒకప్పుడు పోలీసులకూ మా పిల్లలకూ మధ్య బంతి ఉండేది. ఇప్పుడు వ్యాను ఉంది. 2024లో రహీం సాబ్ మీద ‘మైదాన్’ అని హిందీ సినిమా తీశారు. మా పిల్లలు ఫోన్లలో చూశారు. మైదానం తెరమీద చూడాల్సిన వస్తువైంది.

ఐనా మావాళ్లు చోటు చేయడం మరిచిపోలేదు. 2019 డిసెంబరులో ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో నడివయసు అమ్మీలు, దాదీలు రోడ్డు మీద కూచున్నారు. మూడు నెలలకు పైగా కూచున్నారు. ఆ చుట్టూ ఏం పుట్టిందో గుర్తు చేసుకోండి. బస్‌స్టాపులో విద్యార్థులు గ్రంథాలయం పెట్టి ఫాతిమా షేక్ పేరూ సావిత్రిబాయి ఫూలే పేరూ కలిపి పెట్టుకున్నారు. ఇనుముతో దేశపటం నిలబెట్టారు. పిల్లలకు బొమ్మలు గీసే చోటు, అన్నం వండే చోటు, అన్ని మతాల ప్రార్థనలు వినబడే చోటు. ఏ ఆర్కిటెక్టూ గీయలేదు, ఏ టెండరూ పిలవలేదు. చెల్లెలికి కుర్చీ లేదనుకున్నాం, అక్కడ కుర్చీలన్నీ ఆడవాళ్లవే. 2020 మార్చి 24న కరోనా పేరుతో అన్నీ ఎత్తేశారు. గోడల మీది బొమ్మలకు సున్నం కొట్టారు. యువత చోటును తయారుచేయాలని ఉపన్యసించేవాళ్లలో ఎందరు ఆ సున్నం గురించి మాట్లాడారు?

అందుకే మేం అడిగేది ఉత్సవాన్ని కాదు, నిర్ణయంలో వాటాను. రాజ్యాంగం 74వ సవరణ 1992లోనే వార్డు కమిటీల మాట చెప్పింది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాల పనుల్లో ఉన్నాయి. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక మీద భారతదేశం 1992లో చేరింది. అందులో పిల్లలకు తమకు సంబంధించిన విషయాల్లో తమ మాట చెప్పుకునే హక్కుంది, ఆడుకునే హక్కుంది. ముప్పై ఏళ్లు దాటింది. మా గల్లీకి ఆ హక్కు ఇంకా దారి వెతుక్కుంటోంది. మెట్రో కూడా అంతే కదా! 2020 ఫిబ్రవరిలో మూసీ ఒడ్డున ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. పాతబస్తీ దారికి శంకుస్థాపన 2024 మార్చిలో గానీ జరగలేదు.

చేయలేని పనేం కాదు ఇది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ పిల్లలాడే మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటతో ఒక పద్ధతి మొదలుపెట్టింది. తమ వాడలోని ఖాళీ జాగను పిల్లలూ పెద్దలూ ఆ ఆటలో తమకు కావలసినట్టు కట్టి చూపిస్తారు, ఇంజినీర్లు దాన్ని చూసి ప్లాను గీస్తారు. నేపాల్‌లోని కీర్తిపూర్‌లో, నైరోబీలోని కిబేరా మురికివాడలో చేశారు. కిబేరాలో కుదిరింది పాతబస్తీలో కుదరదా? కంప్యూటర్ కూడా అక్కర్లేదు. చాకుపీసు ఇవ్వండి. ఏ మూల చీకటో, ఏ మలుపులో అమ్మాయికి భయమో, ఏ బడి గేటుకు సాయంత్రం తాళం పడుతుందో, ఏ నాలా పక్కన నాలుగు బెంచీలు పడతాయో మా పిల్లలు రోడ్డు మీదే గీసి చూపిస్తారు.

వార్డు కమిటీల్లో యువకులకు కుర్చీలు కావాలి, అందులో సగం అమ్మాయిలవి కావాలి. సర్కారీ బడుల మైదానాలు సాయంత్రం మొహల్లాకు తెరవాలి. కబ్జా విడిపించిన వక్ఫ్ జాగలో ఫంక్షన్ హాలుకు ముందు గ్రంథాలయం రావాలి, అందులో ఆడపిల్లలు రాత్రి తొమ్మిది దాకా కూచుని చదువుకోవాలి. చబూత్రా మీద కూచున్నందుకు ఇంకే పిల్లాణ్ణీ వ్యాను ఎక్కించకూడదు. కౌన్సెలింగ్ కావాలంటే పోలీసులే వచ్చి మా చబూత్రా మీద కూచోవచ్చు. చాయ్ మేం పోస్తాం. ఒకప్పుడు మా పిల్లలతో కలిసి కప్పులు గెలిచినవాళ్లే కదా.

ఊరంటే రాళ్లు, మినార్లు, ఫ్లైఓవర్లు అనుకునేవాళ్లకు మేం ఎప్పుడూ అడ్డంగానే కనబడతాం. ఊరంటే కూచున్న మనుషులనుకునేవాళ్లు మా పక్కన చోటు చూసుకుంటారు. చబూత్రా పొడుగ్గానే ఉంది. కొంచెం జరుగుతాం. వచ్చి కూచోండి. కానీ మమ్మల్ని లేవమని మాత్రం అనకండి.